బీరువా మీద గిటారు

మా మేనకోడలు చెన్నైలో చదువుకుంటూ ఒక గిటారు కొనుక్కుంది. వేసవి సెలవులకి దాన్ని పిడుగురాళ్ల తెచ్చి, తను వేరే ఊరు వెళ్తూ మా ఇంట్లో వదిలింది. "మామయ్యా, జాగ్రత్త. ఇది చేత్తో చేసిన గిటారు" అని గడప దాటాక కూడా మళ్లీ వెనక్కొచ్చి చెప్పింది. మన ఇళ్లల్లో జాగ్రత్త అంటే బీరువా మీద పెట్టడమే కదా. పాత సూట్‌కేసు పక్కన, గుడ్డసంచీలోనే దాన్ని పడుకోబెట్టాను. పైన స్లాబు. ఆ స్లాబు మీద మే నెల ఎండ. పక్కనున్న రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా వార్తల్లో వింటూనే ఉంటుంది, మాకూ అందులో పెద్ద తరుగేమీ ఉండదు.

ఒక రాత్రి గదిలో టప్పుమని చప్పుడైంది. బల్లి పడిందేమో అనుకున్నాను. తెల్లారి చూస్తే గిటారు ముందు పలక మీద, తీగలు కట్టే చోటు నుంచి కిందికి జానెడు పొడవున వెంట్రుకంత చీలిక.

ఆ చీలిక పుణ్యమా అని చెక్కవాద్యాల సంగతులు చదవడం మొదలుపెట్టాను. పోగైనవాటిలో కొన్ని ఇవి. వరసా వావీ ఏమీ చూసుకోలేదు.

చెక్కకీ పత్తికీ ఒకటే లెక్క

పత్తి అమ్మిన ప్రతి రైతుకీ తేమ మీటరు తెలుసు. పత్తి కొనే సీసీఐ కేంద్రంలో బోరెంలోకి దాన్ని గుచ్చి చూస్తారు. ఎనిమిది శాతం లోపుంటే పూర్తి ధర, ఆపైన కోత, పన్నెండు దాటితే బండి వెనక్కి. గిటారు చేసే పనివాడు కూడా చెక్కని సరిగ్గా ఇలాగే చూస్తాడు. తేడా ఏమిటంటే పత్తికి తేమ ఎక్కువైతే గొడవ, గిటారుకి ఎక్కువైనా గొడవే, తక్కువైనా గొడవే. గదిలోని గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే దానికి హాయి. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం అది ముప్పై కిందికి జారిపోతుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ఎనభై దాటుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎండినప్పుడు చెక్క పొడుగు తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయి, వేసవిలో అవే తలుపుల మధ్య సందులు పడేది అందుకే. తలుపుకి కదలడానికి చోటుంటుంది. గిటారు పలకని చుట్టూ జిగురుతో బిగించేస్తారు. కుంచించుకుపోవాలనుకున్న చెక్కకి దారి లేక చీలుతుంది. నేను విన్న టప్పు అదే.

ఒక టిక్కీ బరువు

క్లాసికల్ గిటారు ముందు పలక మందం రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. పెళ్లి శుభలేఖలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. దాని మీద ఆరు నైలాను తీగలు కలిసి లాగే బలం సుమారు నలభై కిలోలు. మా గుంటూరు మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే ఒక టిక్కీ, అంటే ఒక బస్తా. పగలూ రాత్రీ ఆ పల్చటి పలక ఒక మిర్చి టిక్కీని మోస్తూనే ఉంటుందన్నమాట. అది కుంగిపోకుండా లోపలి వైపు సన్నటి పుల్లలు విసనకర్ర ఈనెల్లా అతికిస్తారు. బయటికి కనబడవు. గిటారు గొంతు సగం వాటిలోనే ఉంటుంది.

దీనికి ఇనుప తీగలు వేస్తే ఇంకా గట్టిగా మోగుతుందని కొందరికి ఆశ. ఇనుప తీగలు లాగే బలం డెబ్బై కిలోల పైమాటే. నైలానుకి చేసిన గిటారుకి అవి కడితే కొన్నాళ్లకే పలక ఉబ్బుతుంది, తీగలు కట్టిన బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. తీగలు అమ్మే కుర్రాడు "ఏదైనా ఒకటే సార్" అంటే నమ్మకండి.

కాగితం గిటారు

ఇప్పుడు మనం చూసే క్లాసికల్ గిటారు ఆకారం, కొలతలు, లోపలి విసనకర్ర పుల్లల అమరిక చాలావరకు ఒక వడ్రంగి చలవ. ఆంటోనియో దె టోరెస్ (1817-1892), స్పెయిన్‌లోని అల్మేరియా వాడు. గిటారు గొంతంతా ముందు పలకలోనే ఉందని, వెనకా పక్కలా ఏ చెక్క వాడినా అంత తేడా రాదని ఆయన వాదం. వాదించి ఊరుకోలేదు. 1862లో వెనకభాగం, పక్కలు కాగితపు గుజ్జుతో చేసి, ముందు మాత్రం మంచి పలక వేసి గిటారు తయారుచేశాడు. కొండపల్లి వాళ్లో ఏటికొప్పాక వాళ్లో అయితే ఈ పందేనికి ముచ్చట పడేవారు. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

ఇంత చేసినవాడు గిటార్లతో బతుకు వెళ్లక నడివయసులో కొన్నేళ్లు పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. గొప్ప పనివాడికి ఆ బాధ ఏ దేశంలోనైనా తప్పినట్టు లేదు.

వెనక ఇరుగుడు, మెడ మీద తునికి జ్ఞాతి

గిటారు వెనకా పక్కలకి వాడే పేరున్న చెక్క రోజ్‌వుడ్. ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి తిరుగుండేది కాదు. అడవులు తరిగిపోయాయి, 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం పడింది. ఆ చోటుని నింపింది మన దక్షిణ భారతపు రోజ్‌వుడ్. తెలుగులో ఇరుగుడు అంటాం, జిట్రేగి అని కూడా అంటారు. పాతకాలపు మంచాలకీ, కుర్చీలకీ నల్లటి చారలతో మెరిసే చేవ చెక్క అదే. మాడ్రిడ్‌లోనో టోక్యోలోనో కచేరీ చేసే గిటారు వీపు తట్టి చూస్తే మన కొండల చెట్టు పలికే అవకాశం బాగానే ఉంది.

2017 జనవరి నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నిటినీ కూడా, అరుదైన జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చారు. దాంతో గిటారు పట్టుకుని సరిహద్దులు దాటే కళాకారులకీ, అమ్మేవాళ్లకీ కాగితాల తలనొప్పి మొదలైంది. మంచాలూ బల్లల కోసం నరికిన దుంగల పాపం వాద్యాల నెత్తిన పడిందని అంతా మొత్తుకున్నారు. 2019 నవంబరు చివర్లో తయారైన సంగీత వాద్యాలకి మినహాయింపు దొరికింది.

ఇక వేళ్లు ఆడే నల్లటి పట్టీ. దానికి వాడేది ఎబొనీ. ఆ ఎబొనీ కుటుంబానికి చెందిన చెట్టు మనకి ఇంకోరకంగా పరిచయం. బీడీలు చుట్టే తునికాకు దానిదే. ఇంగ్లీషువాళ్లు దానికి కోరమాండల్ ఎబొనీ అని మన తీరం పేరే పెట్టారు. ఒకే వంశంలో ఒక చెట్టు బీడీకి ఆకు ఇస్తే, దాని జ్ఞాతి గిటారుకి మెడపట్టీ ఇచ్చింది.

ఎర్రచందనం ఎందుకంత దొంగరవాణా అవుతుందో అడిగితే రకరకాల జవాబులు వినిపిస్తాయి. ఖాయంగా చెప్పగలిగింది ఒకటుంది. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. దాని మెడకి అన్నిటికన్నా మేలైన చెక్కగా వాళ్లు ఎంచేది మన ఎర్రచందనాన్నే. శేషాచలం చుట్టుపక్కల, కడప నుంచి ప్రకాశం దాకా ఉన్న కొండల్లో తప్ప ఆ చెట్టు సహజంగా ఇంకెక్కడా పెరగదు.

ఊదువత్తి చుట్టరికం

గిటార్లు చేసేవాణ్ణి ఇంగ్లీషులో లూథియర్ అంటారు. ల్యూట్ అనే పాత వాద్యం పేరు నుంచి వచ్చింది. ల్యూట్ అన్నది అరబ్బుల 'అల్ ఊద్' నుంచి వచ్చింది. ఊద్ అంటే చెక్క. అగరు చెక్కని కూడా వాళ్లు ఊద్ అనే అన్నారు, అది మన దగ్గరికొచ్చి ఊదు అయింది, ఊదువత్తి అయింది. దేవుడి ముందు వెలిగించే వత్తీ, గిటారు చేసేవాడి బిరుదూ ఒకే మాటకి పుట్టాయి.

లక్క పూత, సున్నపు ధూళి

చేత్తో చేసే మంచి గిటార్లకి ఇప్పటికీ చాలామంది వేసేది లక్క పాలిష్. దానికి ఫ్రెంచ్ పాలిష్ అని పేరు, సరుకు మాత్రం మనది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్షలాది చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. ప్రపంచంలో ఎక్కువగా పండించేది భారతదేశమే. ఏటికొప్పాక బొమ్మల నున్నదనం, గాజుల మెరుపు ఆ లక్కవే. పాండవుల కోసం కౌరవులు కట్టించిన ఇల్లు కూడా.

లక్కని స్పిరిట్లో కరిగించి, గుడ్డ పొట్లంలో ముంచి, చుక్క నూనె తోడు చేసుకుని గుండ్రంగా రుద్దుతూ పోతారు. పూత మీద పూత, రోజుల తరబడి. అన్ని పూతలు వేసినా మొత్తం మందం లెక్కలోకి రానంత పల్చన. అందుకే పలక గొంతు నొక్కేయదు. అందుకే త్వరగా చెడిపోతుంది కూడా.

లక్కకి మూడు గండాలు. మొదటిది వేడి. రెండోది ఆల్కహాలు. కరోనా రోజుల్లో శానిటైజరు తడి చేత్తో గిటారు పట్టుకుని, పలక మీద తమ వేలిముద్రలు శాశ్వతంగా దించుకున్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. అత్తరు, సెంటు, దోమల మందులో కలిసే డీట్ అనే రసాయనం, అన్నీ ఈ పద్దు కిందికే వస్తాయి. మూడోది మా ఊరికి ప్రత్యేకం. క్షారం. లక్క క్షారానికి లొంగిపోతుంది, సున్నం క్షారం.

పిడుగురాళ్లని లైమ్ సిటీ అంటారని చాలామందికి తెలుసు. ఆ బట్టీల పక్క రోడ్డు మీద పెరిగిన చెట్ల ఆకులు ఏ రంగులో ఉంటాయో ఇక్కడ తిరిగినవాళ్లకే తెలుసు. మా ఇంట్లో టీవీ మీద, ఫ్యాను రెక్కల మీద, పూజగది పటాల మీద తెల్లటి పొడి రోజూ వాలుతుంది. అది గిటారు మీద వాలి, దానికి చేతి చెమట తోడై, పైగా మనం బలంగా తుడిస్తే గరుకు కాగితంతో తోమినట్టే. ముందు మెత్తటి కుంచెతోనో ఈకతోనో పొడి దులపాలి. ఆ తర్వాతే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు పంచె ముక్కతో తుడవాలి. తడిగుడ్డ వద్దు. కొత్త గుడ్డకన్నా పాత పంచెకే ఈ పని బాగా వచ్చు.

సున్నం దాహం

సున్నం గురించి ఇంకొక ముక్క. సున్నపురాయిని దాదాపు తొమ్మిది వందల డిగ్రీల్లో కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దానికి నీళ్ల దాహం ఎంతంటే గాలిలోని చెమ్మని కూడా లాక్కుంటుంది. వానాకాలంలో చెమ్మ ఎక్కువైనప్పుడు గిటారు పెట్టెలో కాస్త పొడి సున్నం మూటకట్టి వేస్తే సరి కదా అని నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. బట్టీలో పనిచేసిన ఒక పెద్దాయన విని నవ్వాడు. "చెమ్మ పీలిస్తే అది వేడెక్కుద్ది, ఉబ్బుద్ది, మూట పగుల్ద్ది. నీ వాయిద్యానికి వెల్ల వేయించుకుంటావా?" అన్నాడు. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు చాలు.

గొల్లపల్లి పనస

తెలుగునాట తీగవాద్యాన్ని చేత్తో చేసే పని తరతరాలుగా సాగుతున్న ఊరు అంటే ముందుగా చెప్పాల్సింది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి. బొబ్బిలి రాజుల ఆదరణలో నిలదొక్కుకున్న సర్వసిద్ధి కుటుంబాల వాళ్ల చేతి విద్య అది. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1757 జనవరిలో జరిగిన యుద్ధంతో ఆ ఊరు చరిత్రకెక్కితే, వీణతో సంగీతంలోకెక్కింది.

గిటారుకీ బొబ్బిలి వీణకీ తయారీలోనే పెద్ద భేదం ఉంది. గిటారు అతుకుల విద్య. పల్చటి పలకల్ని వేడితో వంచి, జిగురుతో కలిపి, గాలిని బంధించే పెట్టె కడతారు. బొబ్బిలి వీణ తొలుపు విద్య. ఒకే పనస దుంగలోంచి కుండనీ, దండినీ తొలుచుకుంటూ వస్తారు. అందుకే దానికి ఏకాండి వీణ అని పేరు. ఒక్క మానులోంచి వచ్చింది కాబట్టి అతుకుల దగ్గర నాదం ఆగదని వైణికులు మెచ్చుకుంటారు. దుంగ లోపలి పొల్లంతా ఉలితో తీసేస్తూ, ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అన్నాళ్ల పనీ పొయ్యిలోకే.

పనసనే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆసక్తికరం. తేలిక, ఎండిన తర్వాత పెద్దగా వంకర్లు పోదు, చక్కగా మోగుతుంది. మృదంగం తయారీలోనూ పనసకి పెద్దపీట. మనం తొనలు తిని గింజలు కూరొండుకుంటాం, మిగతాది సంగీతానికి పోతుంది.

వీణకి ఇరవై నాలుగు మెట్లు. ఆ మెట్లు ఇలా స్థిరపడింది పదిహేడో శతాబ్దపు తంజావూరులో, రఘునాథ నాయకుడి కాలంలోనని సంగీత చరిత్ర చెబుతుంది. ఆ తంజావూరు రాజు తెలుగు కవి కూడా. ఇత్తడి మెట్లని నల్లటి మైనంలో కూర్చి నిలబెడతారు. గిటారు మెట్లు అలా కాదు. లోహపు పట్టీల్ని చెక్కలో గాడి తీసి కొట్టేస్తారు, ఇక కదలవు. క్లాసికల్ గిటారుకి అవి మామూలుగా పంతొమ్మిది.

వేసవిలో ఈ మైనమే వీణకి గండం. తేనెమైనం కరగాలంటే అరవై డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడడానికి అంత అక్కర్లేదు. కిటికీ పక్క ఎండ పడే చోట వీణ పెట్టి ఊరెళ్తే తిరిగొచ్చేసరికి మెట్టు పక్కకి జరిగి, గాంధారం మీ ఇంట్లో ఉండదు. మెట్లు సరిచేయించడం అందరి వల్లా అయ్యే పని కాదు. నేర్పున్న చెయ్యి కోసం వెతుక్కోవాలి.

ఈమని శంకరశాస్త్రి గారూ, ఆయన శిష్యుడు కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారూ వీణని ఎంత దూరం తీసుకెళ్లారో చెప్పడానికి ఈ చోటు చాలదు. చిట్టిబాబు గారు వీణ మీద కోయిలని కూయించిన తీరు రేడియోలో విని పెరిగిన తరం మాది.

ఏకే విల్లు

మా చిన్నతనంలో చలికాలం ముందు వీధిలోకి ఒక చప్పుడు వచ్చేది. టంగ్, టంగ్, టంగుమని. పరుపుల దూది ఏకేవాళ్లు వచ్చారని అర్థం. పైనుంచి వేలాడే పెద్ద విల్లు, దానికి బిగించిన తాడు, ఆ తాడు మీద చెక్క గూటంతో ఒక దెబ్బ. గడ్డకట్టిన దూది మబ్బులా విచ్చుకునేది. మేం పిల్లలం దూది చూసేవాళ్లం కాదు, ఆ చప్పుడు వినేవాళ్లం. ఆ తాడు నిజానికి నూలు కాదు, జంతువు పేగుతో పేనిన నరం. దూదిని అదరగొట్టేంత బిగువు, సాగుడు దానికే ఉండేవి.

గిటారుకీ అదే నరం. నైలాను రాకముందు, కొన్ని వందల ఏళ్లు గిటారు తీగలంటే గొర్రె పేగులే. ఇంగ్లీషులో క్యాట్‌గట్ అంటారు గానీ దాంట్లో పిల్లి ఏమీ లేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. గాయాలు కుట్టడానికి ఆసుపత్రులకి పేగుదారం కావాల్సి వచ్చి, సంగీతానికి కరవైంది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే గిటారు పనివాడు అప్పట్లో కొత్తగా వచ్చిన డ్యూపాంట్ వాళ్ల నైలాను దారంతో తీగలు తయారుచేశాడు. స్పెయిన్ మహావిద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వాటిని మెచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ 1940ల తర్వాత పేగు తీగలు దాదాపు మూలపడ్డాయి. ఇప్పుడు గిటారుకి మూడు సన్న తీగలు మామూలు నైలాను. మూడు లావు తీగలు సన్నటి నైలాను పోగుల మీద వెండిపూత రాగి తీగ చుట్టినవి. చెమటకి ముందు నల్లబడేవి ఆ చుట్టిన తీగలే. వాయించిన ప్రతిసారీ తుడిస్తే ఇంకొన్ని నెలలు బతుకుతాయి.

దూదేకే కుటుంబంలో పుట్టి తీగ పట్టినవాడు మన దగ్గర ఒకాయన ఉండేవారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. బుర్రకథకి ఇంకో పేరు ఆయన. చేతిలో తంబుర, వేళ్లకి అందెలు, పక్కన గుమ్మెట్లతో ఇద్దరు వంతలు. పల్నాటి యుద్ధం చెప్పినా, బొబ్బిలి యుద్ధం చెప్పినా జనం తెల్లవార్లూ కదిలేవారు కాదట. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఊళ్లో తిట్టుగా వాడిన మాటని ఆయన అట్ట మీదికెక్కించుకున్నాడు. బుర్రకథలో బుర్ర అంటే తంబుర బుర్రే. వీణ మెడ కింద ఉండేదీ బుర్రే. పాదు మీద ఎండిన సొరకాయ లేకపోతే మన సంగీతం ఎట్లా ఉండేదో ఊహించలేను.

పొట్టి ముక్కలు కొన్ని

వయొలిన్లకి పేరుపడ్డ ఇటలీ స్ట్రాడివారి గిటార్లు కూడా చేశాడు. 1679లో చేసిన ఒకటి, సబియోనారి అనే పేరుది, ఇప్పటికీ వాయించే స్థితిలో ఉంది.

సెగోవియా పాతికేళ్లు కచేరీలు చేసిన గిటారు జర్మనీలో హెర్మన్ హౌజర్ 1937లో చేసి ఇచ్చింది. ఇప్పుడది న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మెక్సికోలో పారాచో అనే ఊరుంది. మన గొల్లపల్లికి వీణ ఎలాగో, ఆ ఊరికి గిటారు అలాగ. వీధిలో ఏ గుమ్మంలో తొంగిచూసినా చెక్కపొట్టు.

పాశ్చాత్య వాద్యాన్ని మన చేతికి తగ్గట్టు మార్చుకోవడంలో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ తర్వాతే ఎవరైనా. ఎనిమిది తీగలుండే మాండలిన్‌ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని దాని చేత కర్ణాటక సంగీతం పాడించాడు. 2014లో, నలభై అయిదేళ్లకే పోయాడు. ఉత్తరాదిన విశ్వమోహన్ భట్ గిటారునే మార్చి దానికి మోహన వీణ అని పేరు పెట్టి, 1994లో గ్రామీ అందుకున్నాడు. గిటారుకి వీణ అనే పేరు దక్కడం ఆ వాద్యానికి ప్రమోషనో కాదో పండితులు తేల్చాలి.

మన సినిమా పాటల్లో గిటారుకి అంత చోటు ఇచ్చిన ఇళయరాజా గారు లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటారు పరీక్షలో నెగ్గినవారు.

గోరు, గిటారు, మిరపకాయ

క్లాసికల్ గిటారు వాయించేవాళ్లు కుడిచేతి గోళ్లు పెంచుకుంటారు, ఎడమచేతివి కత్తిరించుకుంటారు. ఒక గోరు విరిగితే కచేరీ కుంటుపడినట్టే. అందుకని పింగ్‌పాంగ్ బంతిని ముక్కలుగా కోసి, విరిగిన గోటి కింద అతికించుకుని వేదికెక్కేవాళ్లున్నారు. మా ప్రాంతంలో ఈ సాధన చేసేవాళ్లకి ఇంకో కష్టం. మిరపకాయల తొడిమలు తీసిన గోళ్లలో ఆ ఘాటు రెండు రోజులుంటుంది. నీళ్లకి పోదు, సబ్బు కావాలి. గిటారుకి ఏమవుతుందో గానీ, సాధన మధ్యలో కన్ను నలుపుకుంటే మాత్రం రాగం మారిపోతుంది.

ఇంట్లో చేయగలిగినవి

గిటారు ఎండిపోతోందని చీలకముందే తెలుసుకునే పద్ధతి ఉంది. మెడ పక్క అంచు వెంబడి అరచేతిని మెల్లగా జరిపి చూడాలి. లోహపు మెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటే చెక్క కుంచించుకుపోయిందని అర్థం. చెక్క తగ్గింది, లోహం తగ్గలేదు. ముందు పలక కొద్దిగా లోపలికి గుంట పడుతుంది. దీనికి తిరగబడ్డ లక్షణం శ్రావణంలో కనబడుతుంది. పలక ఉబ్బి, తీగలు పైకి లేచి, వేలికి నొప్పి పుట్టిస్తాయి.

మందు సులువే. ప్లాస్టిక్ సబ్బుపెట్టెకి వేడి సూదితో చిల్లులు పొడిచి, అందులో స్పాంజి ముక్క తడిపి, గట్టిగా పిండి పెట్టాలి. నీటిబొట్టు రాలకూడదు. దాన్ని గిటారు పెట్టెలో, మెడ దగ్గర ఖాళీలో ఉంచి మూత వేయాలి. నాలుగు రోజులకోసారి చూసుకోవాలి. పక్కన చిన్న తేమ మీటరు ఉంటే నయం, పెద్ద ధరేమీ కాదు. గుడ్డసంచీ దుమ్ముకే, చెమ్మకి కాదు. గట్టి పెట్టె కావాలి.

గోడకి తగిలించే వాళ్లు పడమటి గోడ వదిలేయాలి. పగలంతా తాగిన ఎండని ఆ గోడ రాత్రంతా కక్కుతుంది. కూలరుకి ఎదురుగా పెట్టడమూ తప్పే, తడిగాలి సూటిగా కొడుతుంది. కారులో వదలడం అన్నిటికన్నా ఘోరం. పాత పద్ధతి పనివాళ్లు వాడేది జంతుచర్మం ఉడికించి తీసిన జిగురు, మన వడ్రంగులు సరేసు అనేవారు. అరవై డిగ్రీల దగ్గర అది పట్టు వదిలేస్తుంది. ఎండలో అద్దాలు మూసిన కారు ఆ వేడిని సునాయాసంగా అందుకుంటుంది. అద్దంకి నార్కట్‌పల్లి రోడ్డు పక్కన దాబా ముందు ఆపి మీరు భోంచేసి వచ్చేలోపు అతుకులు విడిపోవచ్చు.

చెన్నై సముద్రపు గాలిలో పెరిగిన వాద్యం గుంటూరులో బండి మారి నడికుడి లైను పట్టి ఇక్కడ దిగితే దానికి అది వేరే దేశం. దిగగానే పెట్టె తెరిచి బంధువులందరికీ చూపించకుండా, మూసిన పెట్టెలోనే ఒక పూట ఇంటి గాలికి అలవాటు పడనివ్వాలి. కొత్త కోడలికి కూడా ఆ మాత్రం టైమిస్తాం.

అసలు కొత్తగా నేర్చుకునే పిల్లలకి మా ఊళ్లో చేతి గిటారు కొనొద్దనే నా సలహా. ప్లైవుడ్ పలక గిటారు తీసుకోండి. పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి ఎండకి అంత తేలిగ్గా చీలదు. గొంతు అంత బాగుండదు, నిజమే. తేడా తెలుసుకోవాలంటే నడుమ గుండ్రటి రంధ్రం అంచు చూడాలి. పైన కనబడే చారలు అంచులోకి అలాగే దిగితే ఒకే చెక్క. అంచున పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. దుకాణంలో ఏం చెప్పినా ఆ అంచు అబద్ధమాడదు.

మళ్లీ చీలిక దగ్గరికి

మా వీధి వడ్రంగి మేస్త్రికి గిటారు చూపించాను. తలుపులు, మంచాలు ఆయన పని. అటూ ఇటూ తిప్పి, పలక మీద వేలితో తట్టి, "దీని జోలికి నేను రాను. ఇప్పుడు మాత్రం జిగురు పెట్టించబాక. ముందు చెమ్మ పట్టనియ్యి, అదే దగ్గరికొస్తది" అన్నాడు. తర్వాత పుస్తకాల్లో చదివితే అక్షరాలా అదే ఉంది. ఎండి ఉన్నప్పుడు చీలికలో జిగురు నింపితే, చెక్క మళ్లీ ఉబ్బినప్పుడు ఇంకోచోట ఒత్తిడి పడుతుంది.

సబ్బుపెట్టె వైద్యం చేశాను. జులైలో నాలుగు వానలు పడ్డాక చీలిక గోటికి కూడా తగలనంతగా మూసుకుంది. చెన్నై పంపించి, మరమ్మతు తెలిసిన మనిషి చేత అతికించి, లోపలి వైపు చిన్న చెక్క బిళ్లలు వేయించాను. పాలిష్ కలిసిపోయింది. పైకి ఏమీ తెలియదు. చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను.

దసరాకి మేనకోడలు వచ్చింది. పెట్టె తెరిచి, సబ్బుపెట్టె తీసి పక్కన పెట్టి, శ్రుతి చేసుకుంది. రెండు తీగలు మీటింది. ఆగింది. రంధ్రంలోంచి ఫోను లైటు వేసి లోపలికి చూసింది.

"మామయ్యా, బీరువా మీద పెట్టావా?" అంది.